శంబూకుడికి స్వర్గం ఎవరిచ్చారు?

ఆధునిక సాహిత్యం పాఠం చెబుతూ ఒకరోజు త్రిపురనేని రామస్వామిచౌదరి ‘శంబూకవధ’ దగ్గరికి వచ్చాను. 1920లో వెలువడిన నాటకం అది. దాన్ని గురించి మాట్లాడాలంటే ముందు మూలకథ తెలిసివుండాలి గనక వాల్మీకి కథ చెప్పాను. చెప్పడం ముగిసిన తర్వాత తరగతిలో కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. ముందు వరుసలో కూర్చునే ఒక అమ్మాయి లేచి, “రాముడి చేతిలో పోయాడు గనక ఆయనకు మోక్షం వచ్చింది కదా సార్” అన్నది. చదువులోనూ నడవడిలోనూ ఎన్నదగిన అమ్మాయి. ఆ మాటలో కాఠిన్యం ఏమీ లేదు. చనిపోయినవాడికి మంచే జరిగివుండాలన్న ఆర్తి వుంది. ఇంతలో వెనక వరుస నుంచి ఒక కుర్రవాడు, లేవకుండానే, “ఆయన తపస్సు చేసుకుంటున్నదే దానికోసం కదా సార్. మధ్యలో వచ్చి తల నరికి, నేనే ఇచ్చానంటే ఎట్లా?” అన్నాడు.

గంట కొట్టారు. నేను బతికిపోయాను. నా దగ్గర జవాబు లేదు మరి.

మతగ్రంథాల్లోని హింసను భక్తులు ఎట్లా అర్థం చేసుకుంటారన్న ప్రశ్నకు మనలో చాలామంది ఇచ్చే సమాధానం తేలికైనది: అర్థం చేసుకోరు, గుడ్డిగా నమ్ముతారు, లేదా కప్పిపుచ్చుతారు. నేను కూడా చాలాకాలం అట్లాగే అనుకున్నాను. కాని శంబూకుడి కథ ఒక కావ్యం నుంచి మరొక కావ్యానికి ఎట్లా నడిచిందో వరసగా చదువుకుంటూ పోతే ఆ సమాధానం నిలవదు. గుడ్డిగా నమ్మేవాడికి వివరణ అక్కరలేదు. వివరణ ఇస్తున్నాడంటే ఏదో మింగుడుపడలేదన్న మాటే. రెండువేల ఏళ్లుగా ఈ దేశపు భక్తులకూ కవులకూ ఈ కథ మింగుడుపడలేదు. ఆ ఇబ్బంది ఎక్కడ పుట్టింది, ఎవరిమీద ఖర్చయింది అనేదే నేను ఇక్కడ విచారించదలచిన విషయం.

ముందు వాల్మీకి పేరుతో మనకు దక్కిన పాఠం ఏమి చెబుతున్నదో చూద్దాం. ఉత్తరకాండలో 73వ సర్గ నుంచి 76వ సర్గ దాకా నడిచే కథ ఇది. ఒక ముసలి బ్రాహ్మడు చచ్చిపోయిన కొడుకును ఎత్తుకుని రాజద్వారం దగ్గరికి వస్తాడు. రాజు చేసిన ఏదో తప్పువల్లనే నా బిడ్డ అకాలమరణం పాలైనాడంటాడు. బతికించకపోతే భార్యతో సహా ఇక్కడే ప్రాణాలు విడుస్తానంటాడు. (ఆ బిడ్డ యౌవనం రానివాడనీ, అయిదువేల ‘వర్షాల’వాడనీ మూలంలో వుంది. వ్యాఖ్యాతలు ఇక్కడ వర్షమంటే దినమని సరిపెట్టారు. లెక్క వేస్తే పదమూడేళ్ల ఎనిమిది నెలలు వస్తుంది. ఒక్క సంఖ్య పొసగకపోతే ఇంత శ్రమపడిన పాండిత్యం మనది.) రాముడు వసిష్ఠుడు మొదలైన మునులను పిలిపిస్తాడు. నారదుడు కారణం చెబుతాడు. కృతయుగంలో బ్రాహ్మణులకే తపస్సు. త్రేతాయుగంలో క్షత్రియులకు వచ్చింది. ద్వాపరంలో వైశ్యులకు వస్తుంది. కలియుగంలోగాని శూద్రుడికి రాదు. ఇప్పుడు నీ రాజ్యంలో ఎక్కడో ఒక శూద్రుడు తపస్సు చేస్తున్నాడు, బాలుడు అందుకు చచ్చాడు. పిల్లవాడి శవాన్ని నూనెతొట్టిలో భద్రపరచమని లక్ష్మణుడికి చెప్పి రాముడు పుష్పకమెక్కుతాడు. పడమర చూశాడు, ఉత్తరం చూశాడు, తూర్పు చూశాడు. ఎక్కడా పాపమన్నది కనపడలేదు. అంత పెద్ద రాజ్యంలో కనపడిన ఏకైక నేరం దక్షిణాన, శైవలపర్వతం పక్కన ఒక కొలను ఒడ్డున, తలకిందులుగా వేళ్లాడుతూ ఒక మనిషి చేసుకుంటున్న తపస్సు.

రాముడు అతన్ని మర్యాదగానే పలకరిస్తాడు. ఏ వర్ణంవాడివి, దేన్ని కోరి తపస్సు చేస్తున్నావు, నిజం చెప్పు అంటాడు. అతను నిజమే చెబుతాడు. శూద్రయోనిలో పుట్టాను, ఈ శరీరంతోనే దేవత్వం పొందాలనుకుంటున్నాను, అబద్ధమాడను, నా పేరు శంబూకుడు. ఆ మాట ఇంకా నోట్లో వుండగానే కత్తి దిగుతుంది.

నన్ను అన్నిటికంటె ఎక్కువగా ఆపేది ఈ ఘట్టమే. ఛాందోగ్యోపనిషత్తులో సత్యకామ జాబాలుణ్ణి గౌతముడు నీ గోత్రమేదని అడిగితే, నాకు తెలియదు, నా తల్లికీ తెలియదు అని ఉన్నదున్నట్టు చెబుతాడు. ఇట్లా నిజం చెప్పగలిగినవాడు బ్రాహ్మణుడే అయివుండాలని గౌతముడు అతనికి ఉపనయనం చేస్తాడు. ఒకే సంప్రదాయంలో ఇద్దరు మనుషులు పుట్టుకను గురించి అడిగిన ప్రశ్నకు నిజం చెప్పారు. ఒకడికి జంధ్యం వచ్చింది, ఒకడికి తల పోయింది. ఉపన్యాసాల్లో మొదటి కథ వందసార్లు విన్నాను. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి మాట్లాడినవారిని ఒక్కరిని కూడా వినలేదు.

సరే, తర్వాత ఏమైంది? దేవతలు పూలవాన కురిపించారు. వరం కోరుకోమన్నారు. బ్రాహ్మణబాలుడు బతకాలని రాముడు కోరాడు. తల తెగిన క్షణంలోనే బతికాడని దేవతలు చెప్పారు. ఇక మా తరగతిలో అమ్మాయి చెప్పిన మోక్షం సంగతి. దేవతలు రాముణ్ణి మెచ్చుకుంటూ చెప్పేది సరిగ్గా దానికి వ్యతిరేకమైన మాట. నీవల్ల ఈ శూద్రుడు స్వర్గానికి రాలేకపోయాడు అంటారు. వారి సంతోషానికి అదే కారణం. అంటే మూలపాఠంలో శంబూకుడికి స్వర్గం లేదు. స్వర్గం రాకుండా చెయ్యడానికే ఆ వధ జరిగింది. మోక్షం తర్వాతివాళ్లు తెచ్చి పెట్టినది.

ఎవరు తెచ్చారు? నాకు తెలిసినంతలో పెద్ద కవి కాళిదాసు. రఘువంశం పదిహేనవ సర్గలో ఈ కథను ఆయన క్లుప్తంగా చెప్పి, స్వయంగా రాజే శిక్షించినందువల్ల ఆ శూద్రుడికి సత్పురుషుల గతి లభించిందనీ, తన దారి అతిక్రమించి చేసిన ఘోరతపస్సు వల్ల మాత్రం అది లభించేది కాదనీ ముగిస్తాడు. ఈ ఆలోచన ఆయన ఊహించి రాసింది కాదు. రాజదండన పొందిన పాపి నిర్మలుడై స్వర్గానికి పోతాడని మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో వుంది. దొంగలకూ హంతకులకూ చెప్పిన ధర్మశాస్త్రసూత్రాన్ని కాళిదాసు తపస్వికి అన్వయించాడు. చూడండి, ఎంత నాజూకైన పని! దేవతల నోట వున్న క్రూరమైన మాట మాయమైంది. కోరుకున్నది శంబూకుడికి దక్కింది. అయినా వర్ణధర్మం వెంట్రుకవాసి కూడా చెదరలేదు. పైగా, తపస్సుకంటే శిక్షే శూద్రుడికి మేలైన మార్గమని తేలింది. ఇబ్బంది కలిగిన మాట నిజం. కలిగిన ఇబ్బందిని చట్టం తన గోడల్లో సిమెంటుగా వాడుకున్నది.

తర్వాత భవభూతి. ఎనిమిదో శతాబ్దినాటి మనిషి, దయగల కవి. ఉత్తరరామచరితం రెండో అంకంలో రాముడు కత్తి ఎత్తి వస్తాడు కాని చెయ్యి ఆడదు. తన కుడిచేతితోనే మాట్లాడతాడు. చచ్చిన బ్రాహ్మణశిశువు కోసం ఈ శూద్రమునిమీద దిగు అని దాన్ని బతిమాలుతాడు. నిండుగర్భిణి అయిన సీతను అడవికి తోలినవాడి చేతివి, నీకు కరుణ ఎక్కడిది అని ఎత్తిపొడుస్తాడు. సంస్కృతనాటకంలో ఇంత మానవమైన ఘట్టాలు ఎక్కువ లేవు. శంబూకవధనూ సీతాపరిత్యాగాన్నీ ఒకే చేతితో చేసిన రెండు నేరాలుగా జతచేసి చూపిన మొదటి మనిషి, నేనెరిగినంతలో, ఈ సనాతన బ్రాహ్మణకవే. ఏ హేతువాదీ ఇంతకంటే పదునుగా చెప్పలేదు.

కాని ఆ తర్వాత ఏమి జరుగుతుందో కూడా చూడాలి. కత్తి దిగుతుంది. శంబూకుడు దివ్యపురుషుడై లేచి, నమస్కరించి, సత్పురుషుల చేతిలో చావుకూడా తరింపజేస్తుందని కృతజ్ఞత చెప్పుకుంటాడు. అంతటితో అతణ్ణి పోనివ్వరు. రాముడికి దండకారణ్యమూ జనస్థానమూ చూపించి వర్ణించే పని అతనిదే. సీతతో తిరిగిన చోట్లు చూసి రాముడు విలపిస్తాడు, చూసేవాళ్లు రాముడికోసం కన్నీరు పెడతారు. కరుణరసమంతా చంపినవాడి వైపు ప్రవహించింది. చచ్చినవాడు దారి చూపించే మనిషిగా మిగిలాడు. పన్నెండువందల ఏళ్లుగా అలంకారశాస్త్రం చదివినవాళ్లం ఈ నాటకంలో కరుణను మెచ్చుకుంటున్నాం. నేనూ తరగతిలో మెచ్చుకున్నాను. వణికిన చెయ్యి ఎవరిదో చెప్పాను, తెగిన మెడను గురించి ఏమీ చెప్పలేదు.

మోక్షవాదానికి ఇంకొక ఆధారం వుందంటారు. రావణుడికీ శిశుపాలుడికీ వైరభక్తివల్ల ముక్తి రాలేదా? భాగవతం ఆ సిద్ధాంతాన్ని విస్తరించి చెబుతుంది. పోతన పుణ్యమా అని తెలుగువాళ్లందరికీ అది తెలిసినదే. కాని వైరభక్తికి వైరం వుండాలి కదా. శంబూకుడు రాముడి పెళ్లాన్ని ఎత్తుకుపోలేదు, సభలో తిట్టలేదు. రాముడు తనను చంపడానికి వచ్చాడని కూడా అతనికి తెలియదు. రాక్షసుల కోసం కట్టిన మోక్షద్వారం గుండా ఒక సాధువును తోసి, రెండూ ఒకటే అనడం ఆ సిద్ధాంతానికే అపచారం.

మన కాలానికి వస్తే, చదువుకున్న ఆస్తికులు ఎక్కువగా ఆశ్రయించేది ప్రక్షిప్తవాదాన్ని. ఉత్తరకాండ వాల్మీకిది కాదు, కాబట్టి మా రాముడు శంబూకుణ్ణి చంపలేదు అంటారు. ఇందులో సత్యం లేకపోలేదు. బాలకాండలో అధికభాగమూ ఉత్తరకాండా తర్వాత చేరినవని జర్మన్ పండితుడు యాకోబీ 1893లోనే వాదించాడు. పండితులు చాలామంది అంగీకరిస్తారు. అయితే బరోడాలో 1960 నుంచి 1975 దాకా వెలువడిన సంశోధిత ప్రతిలో ఉత్తరకాండ వుంది, అందులో శంబూకుడూ వున్నాడు. వాల్మీకి రాయలేదనుకుందాం. మరి ఎవరో ఒకరు రాశారు కదా. రాజుకు ఈ గుణం లేకపోతే రామకథ అసంపూర్ణమని ఎవరికో అనిపించింది కదా. దాన్ని తరాల తరబడి తాటాకుమీద ఎక్కించారు కదా. ‘తర్వాత చేర్చారు’ అన్న మాట రాముణ్ణి వదిలిపెడుతుందేమోగాని సమాజాన్ని మరింత బిగిస్తుంది. పోనీ, ఈ వాదం చేసేవారు ఉత్తరకాండను పూర్తిగా వదులుకుంటారా? కుశలవులు అందులోవారే. వాళ్ల పాటకు కన్నీరు పెట్టుకుని, అదే కాండలోని ఈ చావును మాత్రం ప్రక్షిప్తమనడం విమర్శ అనిపించుకోదు. అట్లాగని దాన్ని మోసమని కూడా నేననను. తులసీదాసు రామచరితమానసంలో శంబూకుడి ఊసే ఎత్తలేదు. ఊరక వదిలేశాడు. ఆ వదిలెయ్యడం వెనకా ఒక మనసు వుంది.

ఈ వాదానికి బలమైన జవాబు 1936లోనే వచ్చింది. లాహోర్‌లో చెయ్యవలసిన ఉపన్యాసం రద్దయితే అంబేద్కర్ దాన్ని ‘కులనిర్మూలన’ అన్న పేరుతో తానే అచ్చువేశాడు. అందులో శంబూకుడి ప్రస్తావన తెచ్చి, ఊరక రాముణ్ణి తిట్టి లాభం లేదంటాడు. రామరాజ్యం చాతుర్వర్ణ్యంమీద నిలిచిన రాజ్యం. కత్తి లేకుండా చాతుర్వర్ణ్యం నిలవదు. ఆ రాజు ఆ పని చెయ్యక తప్పదు. అంటే రాముడి గుణదోషాల చర్చనుంచి ప్రశ్నను తప్పించి వ్యవస్థ ముందు నిలబెట్టాడు. దీనికి గాంధీ ఆ ఏడాది జూలైలో ‘హరిజన్’ పత్రికలో సమాధానమిస్తూ, హేతువుకు నిలవనిదీ ఆత్మానుభవానికి అందనిదీ ఏదీ దైవవాక్కు కాజాలదనీ, స్మృతుల్లో అటువంటివి చాలా చేరాయనీ అన్నాడు. గాంధీ మాటలో ధైర్యముంది. ఆస్తికుడై వుండి శాస్త్రంమీద అంతరాత్మను కూర్చోబెట్టాడు. అంబేద్కర్ తిరుగుజవాబు మాత్రం నేలమీద నిలబడి చెప్పినది. ఏది అసలో ఏది ప్రక్షిప్తమో పండితులకు తెలిస్తే తెలియవచ్చు, జనానికి ఆ తేడా తెలియదు. కులం పాటించడం ధర్మమని శాస్త్రాలు చెబుతున్నాయని వారికి చెప్పారు, వారు నమ్మారు. ఊరిబావి దగ్గర నిలబడినవాడికి పాఠపరిష్కరణ ఎందుకు పనికొస్తుంది?

‘ఆ కాలం అటువంటిది’ అనే వాదాన్ని నేను ఎక్కువసేపు పట్టించుకోను. దాన్ని నారదుడే ముందుగా వాడుకున్నాడు. కలియుగంలో శూద్రుడికి తపస్సు వుంటుందని ఆయన మాట ఇచ్చాడు కూడా. మరి కలియుగం వచ్చిందిగా! వేదం విన్న శూద్రుడి చెవుల్లో సీసమూ లక్కా కాచి పొయ్యమన్న గౌతమధర్మసూత్రం కలియుగంలోదే. బ్రహ్మసూత్రభాష్యంలో శంకరుడు దాన్ని ప్రమాణంగా ఉదాహరించిందీ కలియుగంలోనే. ఇతిహాసపురాణాల ద్వారా నాలుగు వర్ణాలకూ జ్ఞానం రావచ్చునని అక్కడే ఒప్పుకున్నాడు, ఆ మాటా చెప్పాలి.

ఇక ప్రతీకవాదం. కురుక్షేత్రమంటే మనసు, కౌరవులంటే దుర్గుణాలు అని గాంధీ గీతను చదువుకున్నాడు. మాండలే జైల్లో తిలక్ అదే గీతలో కర్మయోగాన్ని చూశాడు. గీతలో ఆ పద్ధతి కొంత నడుస్తుంది. శంబూకుడి దగ్గర అది ఎట్లా పరిణమిస్తుందో ఒక శ్రీరామనవమి పందిట్లో చూశాను. శంబూకమంటే నత్తగుల్ల అని నిఘంటువు చెబుతుంది. ఆ ఉపన్యాసకుడు దాన్ని పట్టుకుని, నత్తలాగా లోపల ముడుచుకుని దాక్కున్న అహంకారమే శంబూకుడు, దాన్ని జ్ఞానఖడ్గంతో ఖండించడమే రామతత్వం అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నా పక్కనున్న పెద్దాయన తృప్తిగా తల ఊపాడు. అక్కడ తల తెగినవాడు మనిషన్న సంగతి ఎంత సుఖంగా మాయమైందో! రావణుణ్ణి కామమన్నా క్రోధమన్నా రావణుడికి నష్టం లేదు, అతనికి లంక వుంది, పదితలలు వున్నాయి. శంబూకుడికి వున్నదల్లా ఒక పేరు, ఒక జవాబు. ఆ పేరును కూడా గుల్ల చేసేశారు.

ఇది మన మతానికి మాత్రమే వచ్చిన చిక్కు కాదు. యూదుల గ్రంథంలో, సమూయేలు మొదటి పుస్తకం పదిహేనో అధ్యాయంలో, అమాలేకీయులను స్త్రీలతో, చంటిబిడ్డలతో, పశువులతో సహా నిర్మూలించమని సౌలురాజుకు దైవాజ్ఞ వస్తుంది. సౌలు వాళ్ల రాజునూ మంచి పశువులనూ మిగుల్చుకుంటాడు, అందుకు రాజ్యం పోగొట్టుకుంటాడు. తాల్ముదు పండితులు ఈ కథకు ఒక సంభాషణ చేర్చారు. పెద్దలు తప్పుచేస్తే పిల్లలేం చేశారు, మనుషులు తప్పుచేస్తే పశువులేం చేశాయి అని సౌలు వాదిస్తాడు. అతిగా నీతిమంతుడివి కాకు అని ఆకాశం నుంచి జవాబు వస్తుంది. నాకు ఈ ఘట్టం చాలా ఇష్టం. జవాబు దేవుడి పక్షానే ఇచ్చారు; ఇవ్వక తప్పదు, వాళ్లు విశ్వాసులు. కాని ప్రశ్నను చెరపలేదు. పుస్తకంలో రాసిపెట్టారు, పిల్లలకు చదివి వినిపించారు. ప్రశ్నకంటే జవాబు చిన్నదిగా వున్నదని ఎవరికైనా తెలుస్తుంది. భవభూతి రాముడి చేతికి ఇచ్చిన వణుకు కూడా అటువంటిదే అయివుండేది, శంబూకుడి చేత కృతజ్ఞత చెప్పించకుండా వుంటే.

మన పక్షంవారి సంగతి కూడా ఒకమాట అనుకోవాలి. రామస్వామిచౌదరి తన నాటకంలో శంబూకుణ్ణి ద్రావిడుల పెద్దగా నిలబెట్టి గొప్ప పని చేశాడు. అయినా ఆయన రాముడు పురోహితుల ఒత్తిడికి లొంగినవాడుగా కనిపిస్తాడు. కత్తి పట్టిన చెయ్యి రాముడిది, నేరం సలహాదారులది. కన్నడంలో కువెంపు 1944లో ‘శూద్రతపస్వి’ రాశాడు. అందులో అస్త్రం శంబూకుణ్ణి ముట్టదు, ఆరోపణ తెచ్చిన బ్రాహ్మణుడి వెంటపడుతుంది. అతను తపస్వికి తలవంచిన తర్వాత శాంతిస్తుంది. పురాణకథను ఇట్లా మార్చవచ్చునా అని మాస్తి వెంకటేశ అయ్యంగార్ ఆక్షేపించాడు. నాకున్న ఆక్షేపణ వేరు. చచ్చినవాణ్ణి బతికించి చూపితే మన గుండెబరువు తగ్గుతుంది, అది తగ్గవచ్చునా? కాళిదాసు శంబూకుడికి స్వర్గమిచ్చాడు, కువెంపు ఆయుష్షు ఇచ్చాడు. ఇచ్చిన మనసుల్లో హస్తిమశకాంతరం వుంది, నిజమే. కాని కువెంపు కూడా రాముణ్ణి వదులుకోలేకపోయాడు. ఒక్క అంబేద్కరే ఎవరికీ ఏమీ ఇవ్వకుండా కథను కథగా వుంచి చదివాడు.

ఈ వివరణలన్నిటినీ వరసపెట్టి చూసినప్పుడు నాకు ఒక తేడా కనిపించింది. దాదాపు అన్నీ చచ్చిన ఒక్క శంబూకుడి లెక్క తేల్చి చేతులు దులుపుకుంటాయి. అతని వెనక మిగిలినవాళ్లకు ఏమైనా ఇచ్చిన వివరణ నేను చదివినంతలో ఒక్కటే. అది ఏ విప్లవకవిదీ కాదు, ఆనందరామాయణమనే తర్వాతికాలపు భక్తిగ్రంథంలోది. చావుకు ముందు శంబూకుడు అందులో వరం కోరతాడు. తనకొక్కడికే గాక తన జాతివారందరికీ తరించే దారి అడుగుతాడు. మీకు నా నామజపమూ కీర్తనా చాలు, ఒకరికొకరు ఎదురుపడినప్పుడు రామ రామ అని పలకరించుకోండి అని రాముడు వరమిస్తాడు. తల ఎట్లాగూ తెగుతుంది. తపస్సు నిషేధం ఎత్తివెయ్యలేదు. దాని బదులు పాట దొరికింది. దీన్ని పాలకవర్గపు మోసమని ఒక్కమాటలో తేల్చవచ్చు, ఒకప్పుడైతే నేనూ తేల్చేవాణ్ణే. ఇప్పుడు అంత ధీమా లేదు. ఆ పాట పాడేవాళ్ల కొడుకు ఒకడు నా తరగతిలో కూర్చుని వున్నాడు మరి.

వెనక వరుస కుర్రవాడు ఆ సాయంత్రం స్టాఫ్‌రూముకు వచ్చాడు. వాళ్లది రాయలసీమలో ఒక పల్లె. ఊరిగుళ్లోకి వాళ్లను తాతలనాడు రానిచ్చేవారు కాదు. అందుకని వాళ్ల వాడలోనే రామమందిరం కట్టుకున్నారు. తండ్రి చెక్కభజన గురువు. నవమికి రాత్రంతా ఆడి పాడతారు. “ఈ కథ మా నాయనకు తెలిసుండదు సార్. చెప్పాలా, వద్దా?” అన్నాడు. నాకు ఏమి చెప్పాలో తోచలేదు. చెప్పమంటే ఆ ముసలిమనిషి చేతిలో చెక్కలు లాక్కున్నట్టుంటుంది. వద్దంటే తులసీదాసు చేసిన పనే నేనూ చేసినట్టుంటుంది. ఉత్తరకాండ తెలుగు వచనం పుస్తకం ఒకటి ఇచ్చి పంపించాను. పుస్తకమిచ్చి తప్పుకోవడం మా వృత్తిలో వాళ్లకు బాగా తెలిసిన విద్య.

సంక్రాంతి సెలవుల తర్వాత పుస్తకం తిరిగి ఇవ్వడానికి వచ్చాడు. తండ్రికి చదివి వినిపించాడట. తండ్రి కడదాకా విని, ఈ కథ నాకు తెలుసు, మా తాత చెప్పినాడు, అందుకే మేము పట్టాభిషేకంతో నిలిపేస్తాము అన్నాడట. శబరి వుంది, గుహుడున్నాడు, వాళ్ల కాడ కూర్చున్న రాముడు మాకు చాలు అన్నాడట. “తెలిసి ఎట్లా పాడతారని కోపమొచ్చింది సార్” అన్నాడు కుర్రవాడు. రెండురోజులు తండ్రితో మాట్లాడలేదట. సెలవులు ముగిసి బయలుదేరే రోజున బస్సుదాకా వచ్చిన తండ్రి తనంతట తానే మళ్లీ ఆ మాట ఎత్తాడట. “అదిసరే గానిరా, ఆ బతికిన పిల్లోడున్నాడే, వాడు పెద్దోడయినాక ఎవురన్నా వానికి చెప్పినారా, నిన్ను బతికించేదానికి ఒక మనిషిని చంపినారని? ఆ పుస్తకంలో యాడన్నా వుందేమో మీ సారును అడుగు.”

వెదికాను. బాలుడు బతికాడని దేవతలు చెబుతారు, రాముడు అగస్త్యాశ్రమానికి వెళ్లిపోతాడు. ఆ పిల్లవాడి ప్రస్తావన అక్కడితో సరి.